ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా? గాలేస్తే కరెంటు పోయే ఊళ్లో ఏది నయం?

చెరువుగట్టు (కాళ్ల మండలం)

అందరికీ నమస్కారమండి. మా అమ్మాయికి కాకినాడలో బీటెక్ సీటొచ్చింది, కంప్యూటర్ సైన్సు. వచ్చే నెల హాస్టల్లో దింపాలి. ఇంట్లో 2014లో కొన్న డెస్క్‌టాప్ ఒకటుంది, ఐ5 నాలుగో తరం. రొయ్యల చెరువుల లెక్కలన్నీ దాంట్లోనే రాసుకుంటాను. మేత ఎన్ని బస్తాలు పడింది, కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు) ఎంతకొచ్చింది, పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టిన రోజు, ఏం రేటు పలికింది, అన్నీ. ఇప్పుడది ఆన్ చేసి, టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పైగా విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావని ఆన్ చేసినప్పుడల్లా బెదిరిస్తోంది.

చేతిలో 60 వేలున్నాయి. షాపాయన ల్యాప్‌టాప్ తీసుకోమంటాడు. మా బావమరిదేమో ఆ డబ్బుకి డెస్క్‌టాప్ అయితే ఏనుగులాంటి మిషనొస్తుందంటాడు. మా ఊళ్లో గాలి కాస్త గట్టిగా వీస్తే కరెంటు ఉండదన్న సంగతి ఇద్దరికీ పట్టదు. వాడినవాళ్లు చెప్పండి.

డీటీపీ బాబాయ్ (పాలకొల్లు)

డెస్క్‌టాపే. ఇరవై ఏళ్లుగా శుభలేఖలూ కరపత్రాలూ కొడుతున్నాను, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాతరకం తెలుగు ఫాంట్లతో. మాఘమాసం ముహూర్తాలొస్తే రోజుకి పన్నెండు గంటలు కూర్చోవాలి. ల్యాప్‌టాప్ మీద అంతసేపు మెడ వంచి పనిచెయ్యమనండి చూద్దాం. ఈ ఇరవై ఏళ్లలో కీబోర్డులే ఓ పది మార్చుంటాను, ఒక్కోటీ నాలుగైదొందలు. ఊడదీసి అవతల పెట్టడం, కొత్తది గుచ్చడం, అంతే. చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు మార్చాలంటే మిషను విప్పాలి.

తణుకు టెకీ

బాబాయ్ గారూ, ఆ అమ్మాయి వెళ్లేది హాస్టల్‌కండి. సీపీయూ, మానిటరూ బస్సు టాప్ మీద కట్టుకెళ్లమంటారా?

డీటీపీ బాబాయ్

నేను చెప్పింది ఆయన లెక్కల సంగతి బాబూ. పూర్తిగా చదివి ఎటకారమాడు.

మూడో సంవత్సరం (కాకినాడ)

అంకుల్, హాస్టల్‌కైతే ల్యాప్‌టాపే, అందులో ఆలోచించేదేం లేదు. నేను చేసిన తప్పు మీ అమ్మాయి చెయ్యకుండా చెప్తాను. మొదటి సంవత్సరం సరదాపడి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిపించుకున్నాను. మిషనే రెండు కేజీల పైన, దాని చార్జరు ఇటుకరాయంత. బ్యాటరీ గట్టిగా రెండు గంటలొస్తే గొప్ప. ల్యాబ్‌లో గోడ పక్క ప్లగ్గున్న సీటు కోసం రోజూ పరుగే. సంవత్సరం తిరిగేసరికి దాన్ని క్లాసుకి తీసుకెళ్లడమే మానేశాను.

సీఎస్ఈకి గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. మా రూమ్మేట్ది మెకానికల్, త్రీడీ డ్రాయింగులు గీస్తుంది, వాళ్లకి ఆ ఖర్చు దండగ కాదు. మీరు చూడాల్సింది ర్యామ్. 16 జీబీ ఉంటే నాలుగేళ్లు ఇబ్బంది ఉండదు. బడ్జెట్ చాలక 8తో సరిపెట్టుకుంటే, ఖాళీ స్లాటు ఉందో లేదో కొనకముందే అడగండి. సన్నగా, అందంగా ఉండే చాలా మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోవడం కుదరదు. ప్రాసెసర్ పేరు చివర యూ అని ఉంటే కరెంటు తక్కువ తాగేది, హెచ్ అని ఉంటే జోరుగా పనిచేసి వేడెక్కేది. ఆమెకి యూ చాలు.

లంక కుర్రాడు (పి.గన్నవరం వైపు)

మాది లంక ఊరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు సీపీయూని అటకెక్కించాం. మానిటర్‌కి దుప్పటి చుట్టి, మంచం మీద మంచం వేసి దాని మీద పెట్టాం. యూపీఎస్ బరువుగా ఉందని కిందే వదిలేశాం, అది గోదారికి సమర్పయామి. అన్నయ్య ల్యాప్‌టాప్ మాత్రం పాలిథిన్ సంచిలో, బియ్యం మూట పక్కన కూర్చుని మాతోపాటు పడవెక్కింది. వెళ్లినచోట దాన్నుంచే ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నాం.

తిరిగొచ్చి సీపీయూ దించితే లోపల చీమలు గుడ్లతో సహా కాపురం పెట్టేశాయి. వరదకి అవీ పైకే ఎక్కుతాయి కదండీ.

స్క్రూడ్రైవర్ (అమలాపురం)

నేను సర్వీసు చేస్తాను కాబట్టి నా బల్ల మీదకి ఏమొస్తాయో చెప్తాను, మీరే తేల్చుకోండి.

డెస్క్‌టాప్‌లయితే వానాకాలంలో వచ్చేవాటిలో సగానికి ఒకటే రోగం: ఆన్ చేస్తే పీక్ పీక్‌మని అరుస్తుంది, తెర నల్లగా ఉంటుంది. మన తేమకి ర్యామ్ పట్టీ చివరున్న బంగారు రంగు గీతలు మసకబారతాయి. పట్టీ ఊడదీసి, పిల్లల పెన్సిలు రబ్బరుతో ఆ గీతల్ని రెండు వైపులా రుద్ది, పొట్టు ఊదేసి మళ్లీ నొక్కితే లేచి కూర్చుంటుంది. మెయిన్‌లో ప్లగ్ పీకేసి చేసుకుంటే ఇది మీ ఇంట్లోనే అయిపోయే పని, నాకు డబ్బులు ఇవ్వక్కర్లేదు. ఆ తర్వాత ఎస్ఎంపీఎస్‌లు, అంటే డబ్బాలోపల కరెంటు అందించే పెట్టెలు. బల్లి దూరి రెండు తీగల మధ్య అడ్డంగా పడిందంటే టప్‌మని పేలుతుంది. వెనక వాడని స్లాట్లకి రేకులు ఊడిపోయి ఉంటే బిగించుకోండి, అది దూరేది అక్కణ్నుంచే.

ల్యాప్‌టాప్‌లయితే మడత బందులు విరిగినవి, కీబోర్డు మీద టీ పోసుకున్నవి, చార్జింగ్ పిన్ను వదులైనవి. ఈ మధ్య ఎక్కువొస్తున్నవి బ్యాటరీ ఉబ్బినవి. వేలితో గీకే పలక పైకి లేచినట్టున్నా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఆపెయ్యండి, పైనుంచి నొక్కి కూర్చోబెట్టే ప్రయత్నం అసలు చెయ్యొద్దు. రోజంతా చార్జర్ పెట్టే ఉంచేవాళ్లు సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఆగే ఏర్పాటుందేమో చూసి పెట్టుకోండి, చాలా కంపెనీలు ఇస్తున్నాయి.

ల్యాప్‌టాప్‌కి మనవైపు ఒక పెద్ద లాభం ఉంది, దాన్ని షాపులో ఎవరూ చెప్పరు. చార్జర్ మీద సన్నక్షరాల్లో 100-240 అని ఉంటుంది. వేసవిలో ఓల్టేజి 150కి పడిపోయి ఫ్యాన్లు ఈడుస్తున్నా అది పనిచేస్తూనే ఉంటుంది. కొన్ని డెస్క్‌టాప్ యూపీఎస్‌లైతే ఆ ఓల్టేజికి కుయ్యిమంటూ బ్యాటరీ మీదకి వెళ్లిపోతాయి. 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది బుల్లి బ్యాటరీ, పదీ పదిహేను నిమిషాలు. సేవ్ చేసి ఆపుకోవడానికే తప్ప పని చేసుకోవడానికి కాదు.

సముద్రగాలి (అంతర్వేది దగ్గర)

తేమ ఒక్కటే కాదు సార్, మాకు ఉప్పు గాలి కూడా. సీపీయూ డబ్బా స్క్రూలు రెండేళ్లకే తుప్పుపట్టి విప్పడానికి రావు. వారాల తరబడి మూలన పెట్టేస్తేనే ఎక్కువ పాడవుతోంది. రోజూ ఓ గంట ఆన్ చేసి వేడెక్కనిస్తే నయమని మాకు అనుభవం. ఇంకో సంగతి, మా సీపీయూ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. ఎందుకంటారు?

స్క్రూడ్రైవర్

ఎర్తింగ్ లేదండి మీ ఇంట్లో. మూడు కాళ్ల ప్లగ్గులో లావు కాలుకి వెనక తీగే ఉండి ఉండదు, పాత ఇళ్లలో మామూలే. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కాస్త కరెంటు ఎర్త్‌కి పోవాలి, దారి లేక డబ్బాకి వస్తోంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గొయ్యి తీయించి ఎర్త్ వేయించండి. మన నేలలో నాలుగడుగులు తవ్వితే చెమ్మే కాబట్టి ఎర్త్ బాగా పడుతుంది. అది కంప్యూటర్ కోసమే కాదు, ఇంట్లో గ్రైండర్లూ గీజర్లూ ముట్టుకునేవాళ్ల కోసం.

చెరువుగట్టు

స్క్రూడ్రైవర్ గారూ, మా ఇంట్లో యూపీఎస్ లేదు గానీ ఇన్వర్టర్ ఉందండి, 150 ఏహెచ్ బ్యాటరీ. అయినా కరెంటు పోగానే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ ఒక్కటే చచ్చి మళ్లీ లేస్తుంది. మొన్న సగం లెక్క రాశాక పోయింది.

స్క్రూడ్రైవర్

ఇన్వర్టర్ వెనకో పక్కనో చిన్న స్విచ్ ఉంటుంది చూడండి, ఒకవైపు యూపీఎస్ అని, రెండోవైపు ఎకో అనో నార్మల్ అనో. మీది ఎకోలో ఉండుంటుంది. కరెంటు నుంచి బ్యాటరీకి మారేటప్పుడు వచ్చే ఆ రెప్పపాటు ఖాళీని ఫ్యాన్ ఓర్చుకుంటుంది, కంప్యూటర్ ఓర్చుకోదు. యూపీఎస్ వైపు తిప్పితే చాలా వేగంగా మారుతుంది. కాకపోతే ఆ వైపు ఉంచితే ఓల్టేజి సుమారు 180 కిందికి దిగగానే బ్యాటరీ వాడేస్తుంది. చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే మీ ఏరియేటర్లన్నీ తిరిగే వేళ అలా దిగుతుందేమో గమనించండి.

చెరువుగట్టు

ఆయ్! వెనక ఉందండీ, బూజు పట్టి కనపడలేదు. తిప్పి, మెయిన్ ఆపి చూశాను. కంప్యూటర్ కదల్లేదు. నాలుగేళ్ల నుంచి పడుతున్న బాధ ఇది.

తణుకు టెకీ

అన్నా, ఇక మీ పాతదాని సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరమో ఆపైదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా కావాలి. మీది నాలుగో తరం, ఎక్కదు. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు గానీ డబ్బు లెక్కలున్న మిషన్లో ఆ పని చెయ్యొద్దు. ఆఫీసుల్లోంచి తీసేసిన ఎనిమిదో తరం సీపీయూలు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. మానిటర్, కీబోర్డు, మౌసు మీవే ఉంచుకుని డబ్బా ఒక్కటే తెచ్చుకోండి. లెక్కలకి ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) ఉన్నది చాలు, టీ పెట్టే టైము కూడా ఇవ్వదు. ర్యామ్ రేట్లు 2025 చివర్లో మండిపోయాయి కాబట్టి 8 జీబీ ముందే ఉన్నది చూడండి.

లంక కుర్రాడు

సెకండ్‌హ్యాండ్‌తో జాగ్రత్త అన్నా. నాకు ఒక షాపులో కొత్త ఎస్ఎస్‌డీ అని వేసిచ్చారు. ఇంటికొచ్చి, డిస్క్ ఎంత వాడారో చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూస్తే అప్పటికే 19 వేల గంటలు తిరిగింది. డబ్బులు ఇచ్చే ముందు వాళ్ల కౌంటర్ మీదే తెరిపించి చూడండి.

డీటీపీ బాబాయ్

చూశారా, తిరిగి తిరిగి డెస్క్‌టాప్ దగ్గరికే వచ్చారు.

తణుకు టెకీ

సగం దాకా వచ్చాం బాబాయ్ గారూ. మీరూ సగం రండి, ఆ అను ఫాంట్లు వదిలేసి యూనికోడ్‌కి.

డీటీపీ బాబాయ్

వస్తాలే. ముందు శ్రావణమాసం కార్డులు అవనీ.

చెరువుగట్టు

అందరికీ దండాలండి. అమ్మాయికి 16 జీబీ ల్యాప్‌టాప్ 48 వేలలో చూశాం, కేజీన్నర బరువు, తనే చేత్తో ఎత్తి చూసుకుంది. మిగిలిన 12 వేలలో నాకో ఎనిమిదో తరం డబ్బా. అమలాపురంలో స్క్రూడ్రైవర్ గారి దగ్గరే చూస్తాను, చించినాడ వంతెన దాటి రావాలి, అంతేగా. ఒక్క అనుమానం: నా మానిటర్ వెనక నీలం రంగు ప్లగ్గు ఒక్కటే ఉంది, రెండు పక్కలా స్క్రూలు బిగించేది.

స్క్రూడ్రైవర్

అది వీజీఏ అండి. డబ్బా వెనక అదే ఉంటే సరే, లేకపోతే చిన్న కన్వర్టర్ వేసుకుందాం, కొన్ని వందల్లో అయిపోతుంది. వచ్చేటప్పుడు పాత సీపీయూ కూడా పట్టుకురండి. దాని హార్డ్‌డిస్క్‌లో ఉన్న లెక్కలు కొత్తదాంట్లోకి ఎక్కించి ఇస్తాను, ఎక్కాయని మీరు చూసుకునేదాకా పాతది ఎవరికీ ఇవ్వకండి.

చెరువుగట్టు

రేపు పట్టుబడి ఉందండి. ఎల్లుండి పొద్దున్నే వస్తాను.