‘పరమేశ్వరు బండి’ సాగదా, బారదా?

కందప్రియ: మా నాన్నగారు మోటారు మెకానిక్. ఏ ఇంజన్ విప్పినా “ఇరుసున కందెన బెట్టక పరమేశ్వరు బండియైన...” అని మొదలుపెట్టేవారు. నిన్న రాత్రి 1967లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌ఫోర్ట్‌లో జరిగిన ఫార్ములా వన్ కారు రేసు గురించి చదువుతుంటే ఆ పద్యం మళ్లీ పట్టుకుంది. కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్‌కి అదే తొలి రేసు. ముందు వరుసలో మొదట నిలిచిన గ్రాహం హిల్ కారు 11వ ల్యాప్‌లో టైమింగ్ గేర్లు విరిగి ఆగిపోయింది. అంతకుముందు ఆ కారు ఎక్కనైనా ఎక్కని జిమ్ క్లార్క్ ఎనిమిదో స్థానం నుంచి బయలుదేరి గెలిచాడు. పద్యంలో “సాగదు” అనా, “బారదు” అనా? మిగతా రెండు పాదాలు ఎవరికైనా వచ్చా?

గణపాఠి: “సాగదు” కుదరదండీ. “పరమే”తో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, కలవాలి కదా. “బారదు” సరి. కంద పద్యంలో ఆరో గణం “డియైన” జగణం (లఘువు, గురువు, లఘువు), చక్కగా కూర్చుంది.

తెనాలి మిత్రుడు: యతి ఒప్పుకుంటాను. కానీ పరుగెత్తడం అనే అర్థంలో అది పాఱు. “బాఱదు” అని రాయాలి. బండి మీది పద్యంలో బండి ఱ (పాత రాతలోని గట్టి ర) పోగొట్టుకుంటామా!

గణపాఠి: అది ప్రాసస్థానం (పాదంలో రెండో అక్షరం) కాదు. ఏ ర వేసినా ఛందస్సుకు లోటు లేదు.

తెనాలి మిత్రుడు: లోటు లేదని రాత మార్చేస్తామా మాస్టారూ?

రేసుపిచ్చి: అసలు మాట “ఇరుసు” అని నా అభిప్రాయం. హిల్, క్లార్క్ నడిపిన ఆ లోటస్ 49 కారులో డ్రైవర్ వీపు దగ్గరితో చట్రం అయిపోతుంది. అక్కడ ఇంజన్‌ని బోల్టులతో బిగించి, వెనక సస్పెన్షన్ దానికే తగిలించారు. లాగేదీ అదే, మోసేదీ అదే. ఆ ఇంజన్ రూపకర్త కీత్ డక్‌వర్త్ ఇంజన్‌నే ఇరుసు చేశాడు.

కందప్రియ: కందెన మాటేమిటండీ? మా ఊళ్లో ఆముదంలో గడ్డి మసి కలిపి, గొట్టంలో పోసి బండికి వేలాడదీసేవారు.

రేసుపిచ్చి: కాస్ట్రాల్ అన్న పేరూ ఆముదం నుంచి వచ్చిందే. దాని ఇంగ్లీషు పేరు క్యాస్టర్ ఆయిల్ కదా!

పోతన భక్తురాలు: పరమేశ్వరు బండి అంటే త్రిపురాసుర సంహారం నాటి రథం. భూమి రథం, సూర్యచంద్రులు చక్రాలు, బ్రహ్మ సారథి. పోతనగారి సప్తమ స్కంధంలో ఆ కథ చదవండి. విష్ణువు ఆవై, బ్రహ్మ దూడై అసురుల రసకూపం (చచ్చినవారిని బతికించే అమృతరసపు బావి) తాగేసే ఘట్టం నాకు ప్రాణం. క్లార్క్‌ని సారథి అనాలా, రథికుడనాలా?

రేసుపిచ్చి: రెండూనండీ. ఆ ఇంజన్‌కి సారథులకు కొదవేముంది? హిల్, స్టీవర్ట్, రింట్, ఫిట్టిపాల్డి, హంట్, ఆండ్రెట్టి, జోన్స్, పికే, రోస్‌బర్గ్ దాంతోనే ప్రపంచ విజేతలయ్యారు. 1983 డెట్రాయిట్‌లో అల్బొరెటో గెలుపుతో దాని వంశానికి, అంటే ఆ ఇంజన్‌కీ దాని నుంచి వచ్చిన రూపాలకీ కలిపి, 155 విజయాలు.

కందప్రియ: అందరికీ నమస్కారం. బండి ఱతోనే రాసుకున్నాను. మూడో పాదంలో “లంచ” అని వస్తుందని లీలగా గుర్తు. ఎవరైనా అందుకోండి.

గణపాఠి: ముందు రెండో పాదం తేల్చాలి. చివర “తెలియన్” అని విన్నాను. మీ నాన్నగారు ఏమనేవారు?