నా కుండనే 26 సార్లు చేశారు: పిల్లల చేత సొంత కుండలు చేయించడం ఎలా?

ప్రశ్న (ప్రాథమిక పాఠశాల టీచర్, మెదక్ జిల్లా)

మా బడిలో నాలుగు, ఐదు తరగతులు కలిపి 26 మంది. శనివారం చివరి రెండు పీరియడ్లు బొమ్మలకు. వినాయక చవితికి తెప్పించిన చెరువు మట్టి సగం బస్తా మిగిలితే కుండలు చేయిద్దామనుకున్నాను. ముందు నేనొకటి చేసి బల్ల మీద పెట్టి, "ఇక మీ ఊహకొచ్చినట్టు చేయండి" అన్నాను. గంట తర్వాత చూస్తే 26 కుండలూ నా కుండే. నా బొటనవేలు జారి అంచు దగ్గర చిన్న సొట్ట పడింది. సగం మంది ఆ సొట్ట కూడా దించేశారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ పిల్లలే మధ్యాహ్నం వేపచెట్టు కింద రాయిని బస్సు చేసి, పుల్లను కండక్టర్ని చేసి ఆడతారు. నా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ఊహంతా ఎటు పోతోంది?

ఇంకో బాధ. పిడులు తెల్లారేసరికి ఊడిపడ్డాయి. కొన్ని కుండలు అడుగున పగిలాయి. ఊళ్లో కుమ్మరి తాత తన ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) కాల్చిస్తానన్నాడు గానీ వీటిని చేతిలోకి తీసుకుని, "ఇవి పేలి నావి గూడ పలగ్గొడ్తయి బిడ్డా" అన్నాడు. చేయించిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు (రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, గుంటూరు)

అమ్మా, ముందు బల్ల మీద కుండ తీసేయండి. టీచరు చేసి చూపించింది పిల్లల కళ్లకు సరైన జవాబు. లెక్కల్లో జవాబు తప్పితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు, అందుకే దించేస్తారు. ఆ సొట్ట దించింది కూడా అందుకే.

"ఊహించు" అంటే పిల్లవాడికి పట్టుకోవడానికి ఏమీ ఇవ్వనట్టే. నేను ఒక్కటే అడిగేవాణ్ణి: ఈ కుండలో ఏం దాస్తావు? ఒకడు "మా నాన్న తిట్లు" అన్నాడు. మరి అవి బయటికి రాకుండా మూతి ఎంతుండాలిరా అంటే, వేలు కూడా పట్టనంత సన్నమూతి పెట్టి, పైన మట్టి రాయిలాంటి మూత చేశాడు. కుండ ఆకారం వాడే కనిపెట్టుకున్నాడు, నేను చెప్పింది ఏమీ లేదు.

మన భాష కూడా సాయం చేస్తుంది. కుండకు మూతి, మెడ, భుజం, పొట్ట అన్నీ ఉన్నాయి. అంటే సగం మనిషి అప్పటికే తయారు. అలిగితే మూతి ఎలా ఉంటుంది? పెళ్లి భోజనం తిన్నాక పొట్ట ఎలా ఉంటుంది? ఇలా అడగండి. మూతి ముడుచుకున్న కుండ ఎలా ఉంటుందో మీకే చూపిస్తారు.

కడప జిల్లా శంఖవరంలో మట్టితో చేసిన పాత శవపేటిక ఒకటి దొరికింది. దానికి పొట్టేలు తల, కింద కాళ్లు. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. దాని ఫొటో తప్పకుండా చూపించండి, కానీ వాళ్లు చేయడం అయిపోయాకే. ముందు చూపిస్తే 26 పొట్టేళ్లు వస్తాయి.

జవాబు (కుమ్మరింటి ఆడపడుచు, జనగామ)

మేడమ్, తాత చెప్పింది నిజం. మందంగా ఉన్న మట్టి పైన ఎండినట్టే కనిపిస్తుంది, లోపల చెమ్మ ఉంటుంది. ఆవంలో ఆ నీళ్లు ఆవిరవుతాయి, పోవడానికి దారి ఉండదు, కుండ పేలుతుంది. పక్కన ఉన్నవి కూడా పోతాయి. గోడ ఎక్కడా అర అంగుళం దాటనీయకండి. తల, కాళ్లు, తోక ఏది పెట్టినా లోపల డొల్లగా ఉండి, గాలి పోయే రంధ్రం ఉండాలి.

బస్తాలో మట్టిని ఉన్నదున్నట్టు వాడారేమో. ఎండబెట్టి, దంచి, రెండు రోజులు నానబెట్టి, గుడ్డలో వడకట్టండి. తర్వాత కొంచెం సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కాలి. ఈ పని పిల్లలకే ఇవ్వండి, మా ఇంట్లో తొక్కడానికి నేనూ మా తమ్ముడూ కొట్టుకునేవాళ్లం.

పిడి ఊడింది అంటే ఆరిన కుండకు తడి పిడి అతికించారు. రెండూ ఒకే తడిలో ఉండాలి. అతికే చోట రెండువైపులా పుల్లతో గీతలు గీసి, పెరుగులా చిక్కగా కలిపిన మట్టి పూసి నొక్కాలి. అడుగు పగిలింది పలకకు అంటుకోవడం వల్ల. మట్టి ఆరేకొద్దీ దగ్గరికి లాక్కుంటుంది, అడుగు కదలకపోతే చీలుతుంది. కింద న్యూస్ పేపర్ వేయండి లేదా బూడిద చల్లండి. ఎండలో పెట్టొద్దు, నీడలో తడిగుడ్డ కప్పి నెమ్మదిగా ఆరనివ్వండి. ఆరిందో లేదో మా అమ్మ కుండను చెంపకు ఆనించి చూసేది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు.

జవాబు (ప్రైవేటు స్కూలు ఆర్ట్ టీచర్, హైదరాబాద్)

నాకు మాస్టారి మాట పూర్తిగా నచ్చలేదు. గోడ సమంగా నొక్కడం రానివాడికి తిట్ల కుండ ఎలా నిలబడుతుంది? మొదటి రోజు చేతిపని నేర్పాలి. నేను నిమ్మకాయంత ఉండ ఇచ్చి కళ్లు మూసుకోమంటాను. బొటనవేలు మధ్యలో గుచ్చి, తిప్పుతూ నొక్కుతూ గోడ మందం వేళ్లతోనే తెలుసుకోవాలి. కళ్లు మూసుకుంటే పక్కవాడిది చూసి దించే అవకాశమూ ఉండదు.

ప్రశ్న అడిగిన టీచర్ (నాలుగు వారాల తర్వాత)

అందరికీ నమస్కారం. మొదటి శనివారం మట్టి తొక్కించాను, మోకాళ్ల దాకా బురద. రెండో శనివారం కళ్లు మూసుకుని ఉండలు. మూడో శనివారం బల్ల ఖాళీగా పెట్టి, ఏం దాస్తావని అడిగాను.

మొదట పది నిమిషాలు ఎవరూ మట్టి ముట్టలేదు. నాకు భయమేసింది, ఒకటి చేసి చూపిద్దామని చెయ్యి లేచింది కూడా. అప్పుడొక పిల్ల "టీచర్, రెండు మూతులు పెట్టొచ్చా?" అంది. వాళ్ల తమ్ముళ్లు రంజన్ (మంచినీళ్ల కుండ) దగ్గర ముందు నీళ్లు ఎవరు తాగాలని రోజూ కొట్టుకుంటారట. పెట్టవే తల్లీ అన్నాను. అంతే, ఇక ఆగలేదు. వాళ్ల నాన్న ఆటో నడిపే ఒక పిల్లవాడు మూడు చక్రాల కుండ చేశాడు, అందులో చిల్లర వేయాలట. నోరు తెరిచిన కప్ప చేసినవాడు మొదటి వాన నీళ్లు పడతానన్నాడు. ఎప్పుడూ మాట్లాడని ఒక పాప మూతి లేని కుండ చేసింది. "ఏముందమ్మా లోపల?" అంటే "చెప్ప" అంది. అడగడం ఆపేశాను. పేలకుండా అడుగున సూది రంధ్రం మాత్రం పెట్టించాను.

ఆదివారం తాత ఆవం పెడుతున్నాడు. ఒక్కటే మిగిలింది. ఏనుగు కుండ, కాళ్లు నాలుగూ గట్టి ముద్దలు. ఏనుగు కాళ్లు డొల్లగా ఉంటే బరువెలా మోస్తాయని వాడి వాదన, ఎంత చెప్పినా ఒప్పుకోవడం లేదు. ఇంకా తడి ఉంది.

జవాబు (కుమ్మరింటి ఆడపడుచు, జనగామ)

మీరు తీయకండి మేడమ్, వాడిదే ఏనుగు. కుండను బోర్లించి, చెంచా కాడ వాడి చేతికిచ్చి, పాదం కింది నుంచి తొలవమనండి. పైనుంచి చూస్తే ఏమీ తేడా కనబడదని వాడికే చూపించండి. ఆదివారానికి ఆరకపోతే తాత తర్వాతి ఆవం దాకా ఆపండి, తొందరపడి పెట్టొద్దు.