‘గెలిచి ఉంటే’నా, ‘నిలిచి ఉంటే’నా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. 1950ల ఫ్రాన్స్ మీద ఒక ఊహా చరిత్ర కథ రాస్తున్నాను. పన్నుల మీద చిల్లర దుకాణదారులను కూడగట్టిన పియేర్ పూజాద్ ఉద్యమం ఇతివృత్తం. ‘పూజాద్ గెలిచి ఉంటే’ అని పేరు పెట్టాను. మా అన్నయ్య చూసి “‘గెలిస్తే’ చాలదా, ఆ ‘ఉంటే’ బరువెందుకు?” అన్నాడు. తేడా ఎలా చెప్పను?

జవాబు: రెండూ చేదర్థకాలే, అంటే ‘ఇలా అయితే’ అని షరతు పెట్టే రూపాలేనమ్మా. ‘గెలిస్తే’ అంటే పోలింగు ఇంకా ముందుంది. ‘గెలిచి ఉంటే’ అనగానే పెట్టెలు విప్పేశారు, లెక్కయిపోయింది, ఓడిపోయాడని నోటితో అనకుండానే అనేసినట్టు. రాయలసీమలో దాన్నే ‘గెలిచింటే’ అంటాం, ఒక అక్షరం మిగులు.

జవాబు: మాస్టారూ, మా వరంగల్ దిక్కు ఆ ‘ఉంటే’ లేకున్నా నడుస్తది. “ముందుగాల చెప్తే నేనే వస్తుంటి” అంటం. అయిపోయిన ముచ్చట అన్న సంగతి చివరి క్రియ మోస్తది. అమ్మా, మీ అన్న ఇటు దిక్కే ఉంటడా?

ప్రశ్న వేసినవారు: హనుమకొండలో ఇరవై ఏళ్లుగా! ఇప్పుడర్థమైంది.

జవాబు: ఇంకో సంగతి. ‘అత్తకు మీసాలు మొలిస్తే మామ అవుతుంది’ అంటాం, ‘మొలిచి ఉంటే’ అనం. ఎన్నటికీ జరగనిదానికి ‘తే’ సరిపోతుంది. జరగడానికి వీలుండీ జరగనిదానికే ‘ఉంటే’ పెట్టి నిట్టూరుస్తాం. ఈ సామెత ఫ్రెంచివాళ్లకూ ఉంది, అక్కడ అత్తకు మొలిచేవి మీసాలు కావు. గ్రూపులో పిల్లలున్నారు, ఆగుతున్నాను. పెద్దల ముందు చెప్పుకోదగ్గది ఇంకోటుంది: ‘అయితే’లు పోగేస్తే పారిస్‌నే సీసాలో పెట్టేయొచ్చట.

జవాబు: వ్యాకరణం బాగుంది, చరిత్ర దగ్గరే పేచీ. ఆయన పక్షం గెలిచింది కదండీ! 1953 జులైలో, సేన్-సెరే అనే చిన్న ఊళ్లో పన్నుల అధికారులు తనిఖీకొస్తే దుకాణదారులంతా అడ్డం నిలబడ్డారు. పూజాద్ అక్కడ కాగితాలు, పుస్తకాలు అమ్ముకునేవాడు. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 1956 జనవరి 2 ఎన్నికల్లో ఆయన జాబితాలకు దాదాపు 25 లక్షల ఓట్లు, 52 సీట్లు. తర్వాత తీవ్ర మితవాద నాయకుడిగా పేరు మోసిన జాన్-మరీ లె పెన్ 27 ఏళ్లప్పుడు పారిస్ నుంచి సభలో అడుగుపెట్టింది ఆ జాబితా మీదే. కానీ పూజాద్ తాను నిలబడలేదు. నాయకుడు బయట, సభ్యులు లోపల. పైగా జాబితాల పొత్తులు చెల్లవని సభ 11 మందిని ఇంటికి పంపింది. 1957 జనవరిలో పారిస్ ఉపఎన్నికలో నిలబడ్డాడు, ఓడాడు. 1958లో, ఫ్రాన్స్ ఏలుబడిలోని అల్జీరియా గొడవతో జనరల్ ద గాల్ అధికారంలోకి వచ్చాడు, ఓట్ల దామాషాలో సీట్లిచ్చే పద్ధతి పోయి రెండు విడతల పోలింగు వచ్చింది, ఈ పక్షం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కాబట్టి మీ శీర్షికలో ఒక్క అక్షరం మార్చండి: ‘నిలిచి ఉంటే’. పోటీలో నిలవడమూ అదే మాట, నాలుగు కాలాలు నిలవడమూ అదే మాట. ఈ శ్లేష ఫ్రెంచిలో రాదు, మనకు ఉచితంగా దొరికింది.

జవాబు: భలే! వాళ్ల నినాదం కూడా తెలుగులో పెట్టండమ్మా. “సొర్తే లే సొర్తాఁ”. ‘సొర్తాఁ’ అంటే పదవీకాలం తీరి దిగిపోయే సభ్యులు. ఆ ధాతువుతోనే వాళ్లను బయటికి గెంటమంటున్నారు. “దిగేవాళ్లను దించేయండి” అంటే దిగు–దించు జంట కలిసొస్తుంది.

జవాబు: ‘దించేయండి’లో మర్యాద ఎక్కువైంది. దుకాణదారులు “దించెయ్!” అని అరుస్తారు గానీ.

జవాబు: గోడ మీద రాతకు ‘అండి’ ఉండాల్సిందే బాబూ, ఓటు అడుగుతున్నాం మరి.

ప్రశ్న వేసినవారు: శీర్షిక మార్చాను. ఒక్క అక్షరమే అన్నారు గానీ, నా కథంతా పూజాద్ 1956లో చిత్తుగా ఓడిపోయాడన్న చోట మొదలవుతుంది. నలభై పేజీలు. అన్నయ్యకు ఇంకా చెప్పలేదు.