వరరథ మొక్కండు... తర్వాత కాల్వురా, నాల్వురా?

సీసమాలిక: ఒక సీసపాదం ఈమధ్య బుర్రలో తిరుగుతూనే ఉంది, వదలట్లేదు. నన్నయగారి ఆదిపర్వం మొదట్లో శమంతపంచకం దగ్గర అక్షోహిణి అనే పెద్ద సేన లెక్క చెప్పే పద్యం. "వరరథ మొక్కండు వారణ మొక్కండు తురగముల్ మూఁడు" దాకా సాఫీగా వస్తుంది (వారణం అంటే ఏనుగు), ఆ తర్వాత మా తాతగారు "నాల్వురును నేవు" (కింది పాదంతో కలిపితే ఏవురు, అంటే అయిదుగురు) అని చదివేవారు, నా నోటికీ అదే పట్టింది. ఫ్రెండ్ ఒకడు అది "కాల్వురును" అంటున్నాడు. ఏది ఖాయం చేసుకోను? ఇంకోటి కూడా, అసలు నాకు ఎక్కువ కావల్సింది ఇదే: ఈ పత్తి (అన్నిటికంటే చిన్న దళం), సేనాముఖం, గుల్మం లాంటి దళాలు ఒక్కోదానికీ ఒక్కో నాయకుడు ఉండేవాడా? కురుక్షేత్రంలో పైనుంచి కిందకి ఆజ్ఞ ఎలా దిగేది?

గోదారి గట్టు: కాల్వురే అండీ, అనుమానం అక్కర్లేదు. కాలరి, కాల్బంటు, కాల్బలం అన్నీ ఆ కుటుంబమే కదా. అమరకోశంలో "ఏకేభైకరథా త్ర్యశ్వా పత్తిః పంచపదాతికా" పక్కన పెట్టుకుని చూడండి, నన్నయగారు ఆ లెక్కనే తెలుగులో పోశారు, పంచపదాతికాకి కాల్వురు ఏవురు. నాల్వురు అంటే పత్తిలో కాలిబంటు అన్న మాటే లేకుండా పోతుంది, ఇంక ఆ ఏవురు ఎవరు?

ఛందోబంధువు: అర్థం సరే, యతి కూడా చూడండి. రెండో సగంలో "తురగముల్"కి యతి చెల్లాల్సిన చోటు "ల్వురును", తు కి వు కి కుదరదు కాబట్టి అక్కడ ప్రాసయతి వేశారు, అంటే పక్క అక్షరాలు కలిపారు, తు పక్కన ర, వు పక్కన రు. అంటే ఆయన బరువంతా ఆ రేఫ మీదే పెట్టారు. ముందున్నది కా అయినా నా అయినా గురువే, "మూఁడు కా" ర గణమే, "మూఁడు నా" కూడా ర గణమే. ఛందస్సు ఇటూ అటూ మొగ్గదు. కాకపోతే ఎవరైనా "కాల్బలము" అని సర్దబోతే మాత్రం ప్రాసయతి పోతుంది, అది ఖాయం.

సీసమాలిక: ఇది నాకు తట్టనే లేదు, థాంక్సండీ. మరి రెండో ప్రశ్న?

చక్రరక్షకుడు: ఒక్క నిమిషం, నాల్వురుని అంత తేలిగ్గా తోసెయ్యకండి. రథం ఒంటరిగా కదలదు, చక్రాల పక్కన రక్షకులు ఉంటారు, ఏనుగుకి కాళ్ల దగ్గర కాపలా ఉంటుంది. రథానికి ఇద్దరు, ఏనుగుకి ఇద్దరు, ఆ నాల్వురు వాళ్లు, తర్వాత విడిగా ఏవురు పదాతులు. తాతగారి పాఠం ఊరికే పుట్టి ఉండదని నా నమ్మకం.

గోదారి గట్టు: అలా అయితే పత్తికి తొమ్మిదిమంది అవ్వాలి. అక్షౌహిణికి 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాలిబంట్లు అని కదా లెక్క. 21,870ని అయిదుతో గుణిస్తే 1,09,350 సరిగ్గా వస్తుంది, తొమ్మిదితో అయితే 1,96,830. ఎక్కడా ఆ అంకె లేదు. పైగా ఉద్యోగపర్వం మూలంలో ఏనుగు మీదే ఏడుగురుంటారు, అంకుశాలతో ఇద్దరు, విల్లులతో ఇద్దరు, కత్తులతో ఇద్దరు, శక్తి, పతాక పట్టుకుని ఒకడు. మనుషుల్ని అలా లెక్కపెట్టడం మొదలెడితే నాల్వురు దగ్గర ఆగదు.

పాణిని పక్షం: చిన్న మాట, పైన ప్రశ్నలో "అక్షోహిణి" అని రాశారు. అక్ష + ఊహిని, ఇక్కడ గుణం (ఓ) రాదు, వృద్ధి (ఔ) వస్తుందని ప్రత్యేకంగా వార్తికమే (పాణిని సూత్రానికి చేర్చిన అనుబంధం) ఉంది. అక్షౌహిణి. మన ఊళ్లల్లో అందరూ ఓ అనే పలుకుతారు, పలకడం వేరు రాయడం వేరు.

ఛందోబంధువు: దాంట్లోనూ ఔ, ఓ రెండూ గురువులే, గణం చూసి పట్టుకోలేం. ఆ క్షౌ యతిస్థానంలో పడిన పద్యం దొరికితే తేలుతుంది, ఔ కి అకారంతో మైత్రి, ఓ కి ఉకారంతో. ఎవరికైనా గుర్తుంటే పెట్టండి.

శాంతివనం: రెండో ప్రశ్నకి వస్తాను, ఎవరూ పట్టించుకోవట్లేదు. పత్తి నుంచి అనీకిని దాకా మూడేసి రెట్లు, పత్తి 1, సేనాముఖం 3, గుల్మం 9, గణం 27, వాహిని 81, పృతన 243, చమువు 729, అనీకిని 2,187, అవి రథాల సంఖ్యలు, చివర్న మాత్రం పదింతలై 21,870. ఇంత చక్కగా మెట్లు కట్టారు కానీ మెట్టుకో నాయకుడి పేరు ఈ పట్టికలో ఎక్కడా లేదు. పేర్లు కనబడేది అక్షౌహిణి దగ్గరే. పాండవులవి ఏడు కాబట్టి ఏడుగురు: ద్రుపదుడు, విరాటుడు, ధృష్టద్యుమ్నుడు, శిఖండి, సాత్యకి, చేకితానుడు, భీముడు. ఇదీ స్థిరం కాదు, కొన్ని అధ్యాయాల తర్వాత అభిషేకం చేసేటప్పుడు చేకితానుడు, భీముడు పోయి ధృష్టకేతువు, మగధ సహదేవుడు వస్తారు. వీళ్లందరి మీదా ధృష్టద్యుమ్నుడు సర్వసేనాపతి, నాయకుల మీద నాయకుడిగా అర్జునుడు, అర్జునుడిని నడిపేవాడు కృష్ణుడు. అటు కౌరవులకి పదకొండు: కృపుడు, ద్రోణుడు, శల్యుడు, జయద్రథుడు, సుదక్షిణుడు, కృతవర్మ, అశ్వత్థామ, కర్ణుడు, భూరిశ్రవసుడు, శకుని, బాహ్లికుడు. ఇది దాయాదుల పోరు అన్నది ఇక్కడే కళ్లకి కడుతుంది నాకు, నకుల సహదేవుల మేనమామ శల్యుడు అటు అక్షౌహిణి నడుపుతున్నాడు, భీష్ముడేమో పాండవుల్ని చంపనని ముందే చెప్పి మరీ సేనాపతి అయ్యాడు. ఇటు ధృష్టద్యుమ్నుడు 18 రోజులూ ఒక్కడే, అటు భీష్ముడు 10, ద్రోణుడు 5, కర్ణుడు 2, శల్యుడు ఒక పూట, ఆఖర్న అశ్వత్థామ.

చక్రరక్షకుడు: బాగా చెప్పారు, కానీ పట్టిక మీదే నాకు నమ్మకం లేదు. అదే ఉద్యోగపర్వంలో ఇంకో లెక్క ఉంది చూడండి, అయిదొందల ఏనుగులు అయిదొందల రథాలు అయితే సేన, పది సేనలు పృతన, పది పృతనలు వాహిని. అంటే వాహిని పృతన కంటే పెద్దది, అమరంలోనేమో పృతన పెద్దది. పత్తికి కూడా అక్కడ 55 మంది. ఆ వెంటనే వాహిని, పృతన, సేన, ధ్వజిని, చమువు, అక్షౌహిణి, వరూథిని అన్నీ పర్యాయాలే అని తేల్చేస్తుంది. ఇంక నాల్వురా ఏవురా అని ఎందుకు కొట్టుకోవడం.

గోదారి గట్టు: మూలంలో రెండు లెక్కలుంటే ఉండనివ్వండి, నన్నయగారు ఏది పట్టుకున్నారో అదే మనకి ముఖ్యం. ఆయన మూడేసి రెట్ల లెక్క పట్టుకున్నారు, కాబట్టి ఏవురే, కాబట్టి కాల్వురే.

నెల్లూరు నేస్తం: పర్యాయాలన్న మాట నిజం. గీతలో దుర్యోధనుడు ద్రోణుడితో "పాండుపుత్రాణాం మహతీం చమూం" అంటాడు, అక్కడున్నది ఏడు అక్షౌహిణులు. చమువు అని చిన్న మాట వాడి తక్కువ చేశాడని కొందరు అంటుంటారు, అలా అయితే పక్కన మహతీం ఎందుకు పెట్టాడు? వాహినీపతి అన్నా అంతే, 81 రథాల వాడు కాదు, అమరంలో సేనానికి అదే పర్యాయం. ఇదంతా పక్కన పెడితే, సైన్యంలో ఎవడి మాట ఎవడు వింటాడన్నది తెలియాలంటే తిక్కనగారి దగ్గరికే పోవాలి. భీష్ముడు రథుల్ని అతిరథుల్ని ఎంచుతూ కర్ణుడిని అర్ధరథుడు అనెయ్యడం, వాడు కోపంతో ఈయన పడేదాకా ఆయుధం పట్టనని తప్పుకోవడం, పది రోజులు కర్ణుడు లేకుండా యుద్ధం. ఒక్క మాటకి ఒక అక్షౌహిణి నాయకుడు పోయాడు. తిక్కనగారికి ఇది పుస్తకంలో మాత్రమే చదివిన విషయం కాదు, ఆయన ఏలిక మనుమసిద్ధిని దాయాదులు అక్కన, బయ్యన గద్దె దింపితే ఆయనే ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చారని చెప్తారు. సోమయాజి గారి ఉద్యోగపర్వం చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఓరుగల్లు కోట: మా ఊరి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మనవాళ్ల పద్ధతి ఈ మూడేసి రెట్లు కాదు, నాయంకరం. భూమి ఇస్తారు, దానికి బదులుగా నాయకుడు తన బలగంతో రావాలి, వాడి మనుషులు వాడి మాటే వింటారు. అర్థశాస్త్రంలోనేమో ఇంకో వరస, పది అంగాలకి పదికుడు, పదిమంది పదికులకి సేనాపతి, పదిమంది సేనాపతులకి నాయకుడు. అంటే నాయకుడే సేనాపతి కంటే పైవాడు! సీసమాలిక గారూ, మీరడిగిన మెట్టుకో నాయకుడు కౌటిల్యుడి దగ్గర దొరుకుతాడు, భారతం పట్టికలో దొరకడు.

పల్నాటి గొంతు: దాయాదుల పోరు అంటూ పల్నాడు ఊసే ఎత్తలేదేంటన్నా. మాచర్ల వైపు సేనాపతి మాల కన్నమదాసు, బ్రహ్మనాయుడు ఏరికోరి పెట్టుకున్నవాడు. కారంపూడిలో ఇప్పటికీ వీరుల తిరునాళ్లకి ఆ పేర్లన్నీ పాడతారు. అక్కడ లెక్క వీరుల పేర్లతోనే, గుల్మాలు గణాలు ఏమీ లేవు.

ఛందోబంధువు: ఇవన్నీ బాగున్నాయి గానీ, నా ఆలోచన ఒకటి చెప్తాను. ఒక్కండు, ఒక్కండు, మూడు అని వచ్చాక నాలిక దానంతటదే నాలుగు, అయిదు అంటుంది. మూడు, నాల్వురు, ఏవురు. పైగా పాదం "నేవు" దగ్గర విరిగి "రను సంఖ్య గలయది" అని కిందకి పోతుంది, అక్కడ ఆగి చదివేవాళ్లకి ఆ వరసే వినబడుతుంది. తాతగారి నోట నా అలా వచ్చి ఉంటుంది.

చక్రరక్షకుడు: వరస కోసం అయితే రెండు కూడా ఉండాలి కదండీ, ఒకటి ఒకటి మూడు అని ఎవరు లెక్కపెడతారు? నేను నాల్వురు దగ్గరే ఉన్నాను.

గోదారి గట్టు: మరి ఆ నాల్వురికి పదాతి అన్న మాట పద్యంలో ఎక్కడుందో చూపించండి, ఒప్పుకుంటాను.

నెల్లూరు నేస్తం: కాల్వురుకి ఏకవచనం ఏంటి? అది ఎవరైనా చెప్తారా ముందు? నల్వురు, ఏవురులో వురు సంఖ్య మీద వస్తుంది, ఇక్కడేమో కాలు మీద వచ్చింది.