నిరుద్యోగ భృతి వస్తుండగా బేకరీలో పని, ఇంట్లోకి కాబోయే ఆయన: వోన్‌గెల్డ్ (ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం) సంగతేంటి? (జర్మనీ)

లైప్‌జిగ్ అమ్మాయి:
అందరికీ నమస్కారం. ఐదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉంది. ఆగస్టులో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఇప్పుడు ఏఎల్‌జీ వన్ (నిరుద్యోగ భృతి) నెలకు 1,180 యూరోలు వస్తోంది. హీటింగ్‌తో కలిపి అద్దె 640. వోన్‌గెల్డ్‌కి దరఖాస్తు పెట్టాను, ఇంకా జవాబు లేదు.

మా వీధి చివర బేకరీలో పొద్దున పూట మనిషి కావాలట. 2025 కనీస కూలి, అంటే గంటకు 12.82 యూరోలు. వారానికి 10 గంటలైనా సరే, 18 గంటలైనా సరే అంటున్నారు. నాకు 18 వైపే మనసు లాగుతోంది.

ఇంకో సంగతి. నాకు నిశ్చితార్థం అయింది, పెళ్లి మాఘమాసంలో. ఆయన హాలేలో ఇంజినీరు. రెండు అద్దెలు ఎందుకని నవంబర్ నుంచి నా దగ్గరికే వస్తానంటున్నారు. దాంతో నా డబ్బులు ఆగిపోతాయా? ఆయన పేరు ఎక్కడా రాయొద్దని ఒకరు సలహా ఇచ్చారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

డ్రెస్డెన్ అక్క:
చెల్లీ, ముందు ఆ 18 గంటల మాట మర్చిపో. వారానికి 15 గంటలు నిండాయంటే లెక్కలో నువ్వు నిరుద్యోగివి కావు, భృతి మొత్తం ఆగిపోతుంది. 15 లోపు ఉండాలి, సరిగ్గా 15 కూడా కుదరదు. నేను అక్కడే దెబ్బతిన్నాను. హోటల్ వాళ్లు ఒప్పందంలో 15 అని రాస్తే చూసుకోకుండా సంతకం పెట్టాను. భృతి ఇచ్చే ఉపాధి ఆఫీసుకి చెప్పడం కూడా ఆలస్యం చేశాను. రెండు నెలల భృతి, ఆరోగ్య బీమా సొమ్ముతో సహా తిరిగి కట్టాను. ఆ ఉత్తరం చదువుతుంటే చేతులు వణికాయి.

10 గంటలైతే నెలకు దాదాపు 556 యూరోలు, మినీజాబ్ (తక్కువ జీతపు చిన్న ఉద్యోగం) కిందికే వస్తుంది. అందులో 165 నీకు వదిలేస్తారు, మిగతా 391 భృతిలో కోస్తారు. పనికి వెళ్లడానికి టికెట్ కొంటే ఆ ఖర్చు ముందే తీసేయమని అడగవచ్చు, నీకు బేకరీ వీధి చివరే కాబట్టి ఆ అవసరం ఉండదు. మిగిలేది 165 మాత్రమే అయినా నలుగురిలో తిరుగుతావు, భాష మెరుగవుతుంది. చేరకముందే ఆఫీసుకి తెలియజేయి.

ఆయన జీతానికీ ఏఎల్‌జీకీ సంబంధం లేదు. అది నువ్వు కట్టిన బీమా మీద నీకు వచ్చే హక్కు. పెళ్లయినా ఆయన జీతం చూసి తగ్గించరు.

వోన్‌గెల్డ్ అలా కాదు. అక్కడ ఇంట్లో ఉన్నవాళ్లందరి ఆదాయం కలిపి చూస్తారు. జంటగా కలిసి బతికేవాళ్లు పెళ్లి కాకపోయినా ఒకే కుటుంబం కిందే లెక్క. ఆయనది పూర్తి జీతమైతే వోన్‌గెల్డ్ రాదనే అనుకో. సగం అద్దె ఆయన కడితే అంతకంటే ఎక్కువే మిగులుతుంది కదా.

పేరు దాచమన్నవాళ్ల మాట మాత్రం దయచేసి వినకు. ఇల్లు మారిన రెండు వారాల్లో ఆయన చిరునామా నమోదు చేసుకోవాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్ల సంతకం కావాలి. అది ఎలా దాగుతుంది?

స్టుట్‌గార్ట్ నుంచి:
అక్క చెప్పింది నిజమండీ. ఉత్త రూమ్మేట్ అయితే వేరు. నేను, నా స్నేహితుడు ఒకే ఫ్లాట్‌లో ఉండి విడివిడిగా దరఖాస్తు పెట్టుకున్నాం, నా వాటా అద్దె మాత్రమే చూశారు. జంట విషయంలో ఏడాది దాటి కలిసి ఉంటే ఒకరి బాధ్యత ఇంకొకరు మోస్తారని ఆఫీసువాళ్లే అనుకుంటారు, కాదని మీరు నిరూపించుకోవాలి. మీకు పెళ్లే నిశ్చయమైంది కాబట్టి ఆ వాదన అసలు వద్దు.

ఇంకోటి: మధ్యలో పూర్తి ఉద్యోగం దొరికితే వాడని భృతి రోజులు వెంటనే పోవు. హక్కు మొదలైన నాటి నుంచి నాలుగేళ్లలోపు మళ్లీ ఉద్యోగం పోతే వాడుకోవచ్చు.

లైప్‌జిగ్ అమ్మాయి:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. బేకరీకి 10 గంటలని చెప్పి, ఆ అంకె కాగితం మీద చూశాకే సంతకం పెడతాను. ఆయన నవంబర్ ఒకటిన వస్తున్నారని వోన్‌గెల్డ్ ఆఫీసుకి ఇప్పుడే ఉత్తరం రాశాను. రేపు పొద్దున పోస్టులో వేస్తాను.