కారణం చెప్తే అందం పోతుందా? (శరత్తు చివర్లో ఒక ఎర్రాకు దగ్గర మొదలైన గొడవ)

వెన్నెలపిట్ట: ఇవాళ పొద్దున్నే గడ్డిలో ఒక సాలెగూడు చూశా, దారం దారానికీ నీటి బొట్లు, దాని కింద ఒక్క ఆకు ఎర్రగా. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న ఎరుపంతా రాలే ముందు బయటపెట్టేసినట్టు ఉంది. ఇదే మాట ఇంకోచోట రాస్తే ఒకాయనొచ్చి క్లోరోఫిల్ మీద క్లాసు పీకారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా, ప్రతిదానికీ కారణం చెప్పి తీరాలా? చెప్తే ఆ చూసిన సంతోషం తగ్గిపోదా?

ఆకుఈనె: దాచుకున్న ఎరుపు కాదండి. పసుపైతే మీరన్నట్టే, కెరోటినాయిడ్లు ఆకులో ముందునుంచీ ఉంటాయి, పచ్చదనం పోగానే బయటపడతాయి. ఎరుపు వేరు. ఆంథోసయనిన్ అనే ఆ రంగుని చాలా చెట్లు ఆ చివరి వారాల్లోనే కొత్తగా తయారుచేస్తాయి, పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఇంకా బాగా వస్తుంది. ఎలాగూ రాలిపోయే ఆకుకి కొత్త రంగు ఎందుకు అన్నదాని మీద శాస్త్రవేత్తలకే ఏకాభిప్రాయం లేదు. ఆకులోంచి నత్రజని వెనక్కి లాక్కునేదాకా ఎండ దెబ్బ తగలకుండా గొడుగులా పనిచేస్తుందని కొందరు, పురుగులకి హెచ్చరిక అని కొందరు. ఇది తెలిశాక నాకు ఎర్రాకు మీద ఇష్టం పెరిగింది, తగ్గలేదు.

గోరింక: అసలు శరత్తులో ఆకు రాలడమేంటి? శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం. ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో.

ఆకుఈనె: చలిదేశాల చెట్ల లెక్క వేరు గోరింక గారూ. అక్కడ పగటి పొద్దు కురచ అవుతుంటేనే కాడ మొదట్లో ఒక పొర కట్టడం మొదలవుతుంది, ఆకు తెగేది ఆ పొర దగ్గరే. ఓక్, బీచ్ చెట్లలో కొన్ని ఎండిన ఆకుని చలికాలమంతా వదలవు కూడా.

గోరింక: అలాగైతే ఆకురాలు కాలం అనాలి, శరత్తు అనకూడదు.

వెన్నెలపిట్ట: చూశారా, నేనడిగింది ఒకటి, ఇక్కడ నడుస్తున్నది ఇంకొకటి. రంగు ఎప్పుడు తయారైందని నేను అడగలేదు.

నత్తనడక: నేను ఆకుఈనె గారి వైపే, కానీ నా కారణం వేరు. గడ్డి బాగా తడిసిన పొద్దున సూర్యుడికి వీపు పెట్టి నిలబడి మీ నీడ తల చుట్టూ చూడండి, తెల్లటి వెలుగు కనిపిస్తుంది. ప్రతి బొట్టూ చిన్న భూతద్దంలా ఎండని వెనకున్న గడ్డి మీద పోగేస్తుంది, అది చాలావరకు వచ్చిన దారినే తిరిగొస్తుంది. పక్కన ఇంకొకరు నిలబడితే వాళ్ళ నీడకి మీకు వెలుగు కనిపించదు, మీ నీడకి వాళ్ళకి కనిపించదు. 16వ శతాబ్దంలో చెల్లిని అనే ఇటలీ శిల్పి ఇది తనకే దక్కిన దైవకృప అనుకున్నాడు. నేను ఇది చదవకముందు ఎన్నేళ్ళు ఆ గడ్డి మీదే నడిచానో, ఒక్కసారీ చూళ్ళేదు. తెలిశాకే కళ్ళు వచ్చాయి.

వెన్నెలపిట్ట: ఆ చెల్లినికి కారణం తెలీదు కదా, మరి ఆయన సంతోషం మీకంటే తక్కువా?

నత్తనడక: ఇది నిజంగా ఆలోచించాల్సిన మాట. జవాబు లేదు నా దగ్గర.

ఆకుఈనె: సంతోషం సంగతి సరే, తప్పుని తప్పనే అనాలి. ఆ బొట్ల గురించి కూడా చెప్తాను, మంచు పడింది అంటాం గానీ అది పైనుంచి పడదు, రాత్రి చల్లబడ్డ గడ్డి మీద గాల్లోని తేమ అక్కడికక్కడే బొట్టు కడుతుంది. గడ్డి కొసల్లో ఒకే సైజులో కనిపించేవి చాలాసార్లు అదీ కాదు, వేర్లు తోస్తే కొసనుంచి ఊరిన నీళ్ళు.

వెన్నెలపిట్ట: నేను మంచు పడిందని ఎక్కడ రాశానండీ? పైకెళ్ళి చదవండి, నీటి బొట్లు అని రాశా. నేను అనని మాటని కూడా సరిదిద్దుతున్నారు! చిన్నప్పుడు ఒక ఆకు దొరికింది నాకు, మెత్తటి భాగమంతా కుళ్ళిపోయి ఉత్త ఈనెల వల మిగిలింది, లేసులా. పరిగెత్తుకెళ్ళి ఆకు దెయ్యం దొరికిందని మా అన్నకి చూపించా. చేతిలోకి కూడా తీసుకోలేదు, దెయ్యం కాదు ఈనెలు అన్నాడు, అంతే. ఆ తర్వాత ఏదైనా చూపిస్తే ఇంతే. మెల్లగా చూపించడం మానేశా. వాడు చెప్పింది తప్పని కాదు, వాడు చూళ్ళేదు. మీరూ చూళ్ళేదు.

గోరింక: అందరూ కొంచెం నెమ్మది.

ఆకుఈనె: మంచు అన్నది మీరు కాదు, ఇప్పుడు చూశా, పొరపాటు నాదే. కానీ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలనిపిస్తోంది. మా నాన్నకి చూపు పోయి నాలుగేళ్ళు. రోజూ పొద్దున ఫోన్ చేసి ఏం కనిపించింది అంటారు. ఎర్రాకు అంటే ఊరుకోరు, ఏ ఎరుపు, అంచునుంచి మొదలైందా, ఈనె పక్కనుంచా, వెనకవైపు కూడా ఎరుపేనా అని అడుగుతారు. మొదట్లో ఏమీ చెప్పలేక నీళ్ళు నమిలేవాణ్ణి, అప్పుడు చదవడం మొదలెట్టా, దగ్గరికెళ్ళి చూడటం కూడా అప్పుడే. నేను తప్పు చెప్తే ఆయనకి సరిచూసుకునే దారి లేదండి, ఆయనకున్న ఆకు నేను చెప్పిందే.

వెన్నెలపిట్ట: ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయా. కానీ మీ నాన్నగారు అడిగారు. నేను అడగలేదు. నాకు నొప్పి అక్కడే.

నత్తనడక: అసలు గొడవ ఇదన్నమాట, పొద్దుట్నుంచి మనం మాట్లాడింది ఇది కాదు.

ఆకుఈనె: ఒప్పుకుంటా. అయితే ఇప్పుడు నేనడుగుతా. ఆ ఆకు ఎలా ఉంది?

వెన్నెలపిట్ట: మళ్ళీ వెళ్ళి చూసొచ్చా. ఎండెక్కాక బొట్లు పోయాయి, గూడు ఉందో లేదో కూడా తెలీడం లేదు. ఆకు ముదురు ఎరుపు, వెనక వైపు బాగా లేత. మధ్యలో మాత్రం ఒక మచ్చ పసుపుగా ఉండిపోయింది, అంచు చాలా నీటుగా, ఇంకో చిన్న ఆకు ఆకారంలో. చెట్టు మీద ఉన్నప్పుడు దాని మీద వేరే ఆకు ఆనుకుని ఉండేదేమో, దాని నీడ అచ్చు పడిపోయినట్టుంది.

గోరింక: అలా ఎందుకవుతుంది?

ఆకుఈనె: నాకు తెలుసు, ఆవిడ అడిగితే చెప్తా. ముందు ఇది నాన్నకి చెప్పాలి, నీడ అచ్చు అన్న మాటతోనే.

వెన్నెలపిట్ట: చెప్పండి ఆయనకి. నేను మాత్రం ఇవాళ అడగను.