పెళ్లి చీరలు: మాల్‌కి వెళ్లాలా, ఫోన్‌లో కొనాలా?

తెనాలి తమ్ముడు:
శ్రావణంలో అక్క పెళ్లి. పెళ్లి చీర ఒకటి, రిసెప్షన్‌కి ఒకటి, బంధువులకు 40 పెట్టుబడి చీరలు కావాలి. నాన్న విజయవాడ మాల్‌కే వెళ్దామంటున్నారు. (మన వైపు మాల్ అంటే ఎస్కలేటరున్న ఐదంతస్తుల బట్టల కొట్టే కదా.) అక్క రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసి విష్‌లిస్టులో 63 చీరలు పెట్టింది. నా ఓటు కూడా ఆన్‌లైన్‌కే. రెండు కార్లలో పదిమందిమి పొద్దున బయల్దేరితే, రాత్రికి రెండు చీరలు తేలతాయి. దాంట్లో ఒకటి పెద్దత్తకి నచ్చదు. ఆన్‌లైన్లో అయితే నచ్చకపోతే ఇంటి గుమ్మంలోంచే వాపసు. ఇంతకంటే ఏం కావాలి?

కొత్తపేట కోడలు:
తమ్ముడూ, వాపసు ఇవ్వచ్చన్న ధైర్యం పెళ్లి నెలలో పనికిరాదు. పోయిన మాఘంలో మా ఆడపడుచు పెళ్లికి ఒక యాప్‌లో "పోచంపల్లి ఇక్కత్ పట్టు" అని రాసి ఉన్న చీర తెప్పించాం. తిరగేసి చూస్తే వెనక వైపు వెలిసిపోయినట్టుంది. ఇక్కత్‌లో దారానికే ముందు ముడులు కట్టి రంగులు అద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, పువ్వుల అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. మాకు వచ్చింది అచ్చు వేసిన గుడ్డ.

అనుమానం తీరక కొంగు చివర ఒక్క పోగు లాగి కాల్చాను. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్లతో నలిపితే పొడైపోతుంది. ఇది కరిగి గట్టి ఉండలా అయింది. డబ్బు వెనక్కి రావడానికి 12 రోజులు పట్టింది. వచ్చింది, కాదనను. కానీ ముహూర్తం ఎనిమిదో రోజే అయిపోయింది! మాల్‌లో అయితే కొనకముందే తిరగేసి చూసేదాన్ని.

లెక్కల లింగం:
అక్కా, పవర్‌లూమ్ చీరని చేనేత అని అంటగట్టేవాళ్లు కొట్లలోనూ ఉన్నారు. కొట్టునో యాప్‌నో నమ్మడం కాదు, గుర్తు చూడాలి. పట్టుకి సిల్క్ మార్క్ ఉంది, 2004లో మొదలైంది, కేంద్ర పట్టు మండలిది. అయితే అది పట్టు అసలుదా కాదా అన్నదే చెబుతుంది, చేతిమగ్గం మీద నేశారో లేదో చెప్పదు. దానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని మోసపోతారు.

యాప్‌లో "ఇంక రెండే మిగిలాయి" అని ఉత్తుత్తి తొందర పెట్టడం తప్పని 2023లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. మరి ఆషాఢంలో మాల్ ముందు మైకులో "ఈ రోజే ఆఖరు" అని నెల పొడుగునా అరుస్తారే, దాన్నేమనాలి? ఒకటి కొంటే రెండు ఉచితం అన్నారంటే ఆ ఒక్కదాని ధరలో మూడూ ఉన్నాయనే లెక్క.

మూడో అంతస్తు:
నేను చీరల సెక్షన్‌లో సేల్స్‌మన్‌ని, తొమ్మిదేళ్లుగా. పేరు, ఊరు అడగకండి.

ఒక కుటుంబానికి ఎనభై చీరలు విప్పి చూపిస్తాం. వాళ్లు ట్యాగ్ ఫొటో తీసుకుని, "మళ్లీ వస్తాం" అని వెళ్లి మెట్ల మీదే ఫోన్‌లో వెతుక్కుంటారు. కోపం రాదని అబద్ధం చెప్పను. పదకొండు గంటలు నిలబడే ఉంటాం మరి. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టంలోకి వచ్చింది. మా అంతస్తుకి ఇంకా స్టూలు రాలేదు.

అసలు విషయానికొస్తా. షోరూం లైట్లు జరీ మెరవడానికే పెడతారు. అదే చీర ఎండలో ఇంకో రంగు. కాబట్టి మాల్‌కి వచ్చినా ఫొటో చూసి కొన్నట్టే అవుతుంది, జాగ్రత్త పడకపోతే. నచ్చిన చీర గుమ్మం దగ్గర వెలుతుర్లో చూస్తామని అడగండి, కాదనం. పెళ్లి చీరకి మాత్రం పెళ్లికూతురు రావాలి, భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకోవాలి. బరువెంతో ఫోన్ చెప్పదు.

పెట్టుబడి చీరలకు మా దగ్గరికీ వద్దు, యాప్‌లోనూ వద్దు. విజయవాడ వస్త్రలత మార్కెట్‌లో టోకు కొట్లకి వెళ్లండి. 40 అంటే అక్కడ బేరం కుదురుతుంది. మా దగ్గర ధర ట్యాగ్ మీద ఎంతుంటే అంతే.

డల్లాస్ పిన్ని:
మాల్‌కి రాలేని మాలాంటివాళ్ల సంగతి? మాకు అర్ధరాత్రి పన్నెండైతే అక్కడ పొద్దున పదిన్నర. వీడియో కాల్‌లో కొట్టు అమ్మాయి చూపిస్తుంది, మేం ఆవలిస్తూ ఎంచుకుంటాం. కిందటేడు అలాగే కొన్న చీరకి జాకెట్ ముక్క రాలేదు. అడిగితే "పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశారా?" అన్నారు. చీర కొన్నానా, పంచనామా చేశానా అనిపించింది. బిల్లు కూడా లేదు, నంబరుకి డబ్బు పంపడమే.

లెక్కల లింగం:
పిన్నిగారూ, బిల్లు అడక్కపోవడమే అక్కడ పొరపాటు. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేసినా లోపమున్న సరుకు విషయంలో అది చెల్లదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లులో రాసిన గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వాలి. ఇక్కడుండేవాళ్లు తామున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, సరుకుకి కట్టింది 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా చాలాసార్లు తేలిపోతుంది. అయితే పెద్దత్తకి రంగు నచ్చలేదంటే ఏ చట్టమూ ఆదుకోదు.

తెనాలి తమ్ముడు:
సరే, ఓటు సగం మార్చుకుంటున్నా. రిసెప్షన్ చీర ఆన్‌లైన్లోనే, ఇంకా ఏడు వారాల టైముంది, తేడా వస్తే తిప్పి పంపడానికి సరిపోతుంది. పెట్టుబడివి వస్త్రలతలో. పెళ్లి చీరకి అక్క, అమ్మ, నేను, ముగ్గురమే మాల్‌కి. పెద్దత్తకి ఫొటో పంపిస్తాం, కొన్నాక.

మూడో అంతస్తు అన్నా, రద్దీ లేకుండా ఎప్పుడు రమ్మంటారు?

మూడో అంతస్తు:
మంగళవారం పొద్దున పదకొండుకి రండి. ఎన్ని చీరలైనా తీరిగ్గా విప్పి చూపిస్తాం.

తెనాలి తమ్ముడు:
మంగళవారం పెళ్లి చీర కొనడమా! నాన్న చస్తే ఒప్పుకోరు.

మూడో అంతస్తు:
అందుకే ఖాళీగా ఉంటుంది.